లాంగ్‌కేస్ గడియారం: డయల్ మీది పేరు కంటే ముందు చూడవలసినవి

హైదరాబాదులో పాత ఇంగ్లిష్ లాంగ్‌కేస్ గడియారం, అంటే మనం గ్రాండ్‌ఫాదర్ క్లాక్ అని పిలిచే నిలువెత్తు గడియారం, కొనాలనుకునేవారు సాధారణంగా మొదట చేసే పని డయల్ మీది పేరు చదవడం. ఆ పేరును అక్కడికక్కడే ఫోనులో వెతుకుతారు. లండన్ అన్న మాట కనిపించగానే మనసులో సగం బేరం కుదిరిపోతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో పేరు చదవడం చివరి పని. ఈ గడియారం నిజానికి మూడు వస్తువుల కూర్పు: లోపలి యంత్రం, దాని ముందుండే డయల్, ఈ రెండింటినీ మోసే చెక్క పెట్టె. ఈ మూడింటినీ చాలాసార్లు వేర్వేరు పనివారు చేసేవారు. అవి మొదటినుంచీ కలిసే ఉన్నాయా, లేక మధ్యలో ఎవరైనా ఒకదాని యంత్రాన్ని మరొకదాని పెట్టెలో అమర్చారా అన్నది తేలితేనే పేరుకు విలువ వస్తుంది. తేలకపోతే ఆ పేరు ఒక్క ఇత్తడి పలకకు సంబంధించినదే తప్ప గడియారానికి సంబంధించినది కాదు.

చూడటానికి వెళ్లేటప్పుడు టార్చి, కొలత టేపు, ఒక చిన్న అయస్కాంతం వెంట ఉంచుకోండి. గడియారం ప్రస్తుతం నడుస్తున్నదా లేదా అన్నదానికి అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. ఆగిపోయిన మంచి గడియారాన్ని బాగు చేయించుకోవచ్చు. అతుకుల గడియారం ఎంత చక్కగా నడిచినా అతుకుల గడియారమే.

ఏ కాలానికి ఏ గుర్తులు

కాలక్రమం కొంతైనా తెలియకుండా పరీక్ష సాగదు. లోలకంతో నడిచే గడియారాన్ని డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1656లో రూపొందించాడు. రెండేళ్లు తిరగకుండానే, 1658లో, అహాస్యూరస్ ఫ్రొమాంటీల్ లండన్ పత్రికలో అలాంటి గడియారాలు తన దగ్గర దొరుకుతాయని ప్రకటన ఇచ్చాడు. తొలి లోలకాలు పొట్టివి, బాగా వెడల్పుగా ఊగేవి. 1670 ప్రాంతంలో యాంకర్ ఎస్కేప్‌మెంట్, అంటే లంగరు ఆకారపు కొక్కెంతో చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదులుతూ లోలకాన్ని ఊపే అమరిక, వచ్చాక సుమారు 99 సెంటీమీటర్ల పొడవుతో, కొద్దిపాటి ఊపుతో, సెకనుకు ఒక్కసారి టిక్కుమనే లోలకం సాధ్యమయింది. అంత పొడవైన లోలకాన్ని సన్నని పెట్టెలో బిగించవచ్చు కాబట్టే లాంగ్‌కేస్‌కు ఆ సన్నని నడుము కుదిరింది. యాంకర్‌ను కనిపెట్టిన ఘనత రాబర్ట్ హుక్‌దా, విలియం క్లెమెంట్‌దా, జోసెఫ్ నిబ్‌దా అన్న వాదన ఈనాటికీ నడుస్తూనే ఉంది. కొనేవారికి ఆ వాదనతో పనిలేదు.

డయల్ ద్వారా కాలాన్ని ఉజ్జాయింపుగా పట్టుకోవచ్చు. 17వ శతాబ్దం చివరి పాదంలో చదరపు ఇత్తడి డయల్ పది, పదకొండు అంగుళాలు ఉండేది. 1700 తర్వాత పన్నెండుకు చేరింది. చదరం మీద అర్ధచంద్రాకారపు పై భాగం 1720 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చింది. అంకెల వలయం లోపలి అంచున పావుగంటల గీతలు ఉంటే గడియారం చాలావరకు 1750కి ముందుదే, ఎందుకంటే అవి గంటల ముల్లు ఒక్కటే ఉన్న రోజుల అలవాటు. ఆ అలవాటు నెమ్మదిగా అంతరించింది. తెల్లరంగు పూసిన ఇనుప డయల్‌ను బర్మింగ్‌హాంలో ఆస్బర్న్, విల్సన్ అనే ఇద్దరు 1772లో ప్రకటించి అమ్మడం మొదలుపెట్టారు. అందువల్ల రంగు డయల్ ఉన్న గడియారాన్ని ఎవరైనా 1740 నాటిదంటే ఆ సంభాషణను అక్కడే ముగించవచ్చు. అయస్కాంతం ఉపయోగం ఇక్కడే: రంగు డయల్‌కు అది అతుక్కుంటుంది, ఇత్తడికి అతుక్కోదు. రంగు డయళ్లలోనూ తొలినాటివాటికి మూలల్లో చిన్న పూలు, బంగారు తీగలు మాత్రమే ఉంటాయి. మూలలు నిండిపోయేలా దృశ్యాలు, కోటలు, స్త్రీమూర్తులు చిత్రించి ఉంటే అది 19వ శతాబ్దానిది.

మన నగరంలో ఇంకో రకం కూడా తరచుగా ఎదురవుతుంది: నిడుపాటి అద్దం తలుపు, లోపల మెరిసే మూడు ఇత్తడి గొట్టాల్లాంటి బరువులు, పావుగంటకోసారి వెస్ట్‌మినిస్టర్ రాగం. చూడటానికి చాలా హుందాగా ఉంటుంది. అయితే ఆ రాగానికి పేరు తెచ్చిన లండన్ పార్లమెంటు భవనపు గడియారం మోగడం మొదలైంది 1859లో. ఆ రాగం ఇళ్ల గడియారాల్లో ప్రచారమయింది ఆ తర్వాతే. మూడో బరువు ఆ రాగం కోసమే. ఇలాంటి గడియారాల్లో అనేకం 19వ శతాబ్దం చివరివి, 20వ శతాబ్దం మొదటివి. కొన్నింటిలో యంత్రం జర్మనీలో తయారైనది. అవి చెడ్డవి కావు, కానీ వాటికి 18వ శతాబ్దపు ధర ఇవ్వకూడదు.

హుడ్ తీసి చూడటం

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. బరువులను, లోలకాన్ని తీసి పక్కన పెట్టమని అమ్మేవారిని కోరండి. డయల్‌ను చుట్టి ఉండే పై భాగాన్ని హుడ్ అంటారు. చాలా గడియారాల్లో అది ముందుకు జారి పూర్తిగా ఊడి వస్తుంది. ఊడి రాగానే యంత్రం ఒక అడ్డ పలక మీద కూర్చుని కనిపిస్తుంది. ఆ పలకను, దాని రెండు కొనలు ఆనుకున్న పక్క చెక్కల పైకొనలను టార్చి వెలుగులో నింపాదిగా చూడండి. గడియారపు నిజమైన చరిత్ర ఇక్కడే ఉంటుంది.

పక్క చెక్కల పైకొనలు పెట్టెలో మిగిలిన చెక్కతో సమానంగా నల్లబడి, పలక కొత్త మేకులూ కొత్త ముక్కలూ లేకుండా కూర్చుని ఉంటే అది మంచి సూచన. ఆ కొనల మీద అర అంగుళమో అంగుళమో కొత్త చెక్క అతికించి ఎత్తు పెంచినా, లేదా పదునైన రంపంతో కోసి ఎత్తు తగ్గించినా, యంత్రం బయటినుంచి వచ్చిందని అనుమానించాలి. వేరే గడియారం నుంచి తెచ్చిన యంత్రాన్ని ఈ హుడ్ కిటికీ వెనుక సరిగ్గా నిలబెట్టడానికి ఎత్తు సర్దవలసి వస్తుంది. ఆ సర్దుబాటును దాచడం కష్టం. ఒక్క పలక మాత్రమే కొత్తదయితే అంత భయపడనక్కరలేదు. రెండు వందల ఏళ్లపాటు ఐదారు కిలోల చొప్పున రెండు బరువులను మోసిన పలక పుచ్చిపోయి మార్చి ఉండవచ్చు. పలకా, పక్క చెక్కలూ రెండూ మారి ఉంటే మాత్రం వేరే మాట.

తర్వాత హుడ్‌ను తిరిగి తొడిగించి, ముందు తలుపు మూసి, డయల్ అంచులను చూడండి. డయల్ చుట్టూ చెక్క చట్రం సమానంగా ఉండాలి. ఒక పక్క డయల్ అంచు చట్రం కిందకు దాగి, మరో పక్క వేలు దూరేంత సందు కనిపిస్తే, లేదా చట్రం లోపల సన్నని చెక్క పట్టీలు కొత్తగా అతికించి ఉంటే, ఆ డయల్ ఆ హుడ్ కోసం చేసినది కాదు.

డయల్‌కూ యంత్రానికీ సంబంధం తేల్చాలంటే యంత్రం పక్కనుంచి చూడాలి. డయల్ వెనుక ఉండే చిన్న ఇత్తడి కాళ్లు యంత్రపు ముందు పలకలోని రంధ్రాల్లోకి దిగి, చీలలతో బిగుసుకుని ఉంటాయి. ఆ ముందు పలకలో ఏ పనీ లేని పాత రంధ్రాలు కనిపిస్తే ఒకప్పుడు అక్కడ వేరే డయల్ ఉండేదన్న మాట. అలాగే తాళంచెవి పెట్టే చదరపు కొనలు డయల్ రంధ్రాలకు నట్టనడుమ ఉండాలి. ఒక పక్కకు ఒరిగి అంచును రాసుకుంటున్నాయంటే అది పొసగని జత. రంగు డయళ్లకూ యంత్రానికీ మధ్య చాలాసార్లు పోత ఇనుప చట్రం ఒకటి ఉంటుంది, దాని మీద బర్మింగ్‌హాం డయల్ వ్యాపారి పేరు పోతలోనే అచ్చయి ఉంటుంది. ఆ పేరు గడియారకారుడిది కాదు, డయల్ అమ్మినవాడిది. అయినా కాలం పట్టుకోవడానికి అది ముందు కనిపించే పేరు కంటే నమ్మదగిన సాక్ష్యం.

తాళంచెవి రంధ్రాల విషయంలో ఒక చిన్న తమాషా ఉంది. వారానికోసారి తిప్పే ఎనిమిది రోజుల గడియారానికి డయల్‌లో రెండు రంధ్రాలుంటాయి; రోజూ గొలుసో తాడో లాగవలసిన ముప్పై గంటల గడియారానికి రంధ్రాలతో పని లేదు, బరువు కూడా ఒక్కటే. ఎనిమిది రోజులది ఖరీదైనది కాబట్టి, వచ్చినవారి ముందు దర్జా కోసం ముప్పై గంటల గడియారాల డయళ్ల మీద కొందరు ఉత్తుత్తి రంధ్రాలు చిత్రించేవారు. తలుపు తెరిచి వేలితో తడిమితే తెలిసిపోతుంది.

పెట్టె విషయానికొస్తే, ఆ నాటి ఇంగ్లిష్ వడ్రంగుల మామూలు కర్రలు ఓక్, పైన్, ఓక్ మీద అతికించిన వాల్‌నట్ పొర, 18వ శతాబ్దం మధ్యనుంచి మహాగని. టేకు ఆ వరుసలో లేదు. టేకు పెట్టెలో ఉన్న ఇంగ్లిష్ యంత్రం ఇక్కడ దిగాక కొత్త పెట్టె కట్టించుకున్నదని భావించవచ్చు. ఆ పని మన వడ్రంగులు చక్కగా చేసి ఉండవచ్చు, దానికీ ఒక చరిత్ర ఉండవచ్చు, కానీ ధర చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదు. పుచ్చు రంధ్రాలను కూడా పరిశీలించండి. పురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు గుండ్రని చిన్న బెజ్జం చేస్తుంది. చెక్క ఉపరితలం మీద అలాంటి బెజ్జాలు సహజం. పురుగు లోపల తొలిచిన సొరంగాలు కాలువల్లా పైకే తెరుచుకుని కనిపిస్తే, పాత చెక్కను తర్వాతి కాలంలో కోసి పెట్టె చేశారన్న మాట. చివరగా నడుము తలుపు తెరిచి వెనుక చెక్క మీద టార్చి వేయండి. లోలకం గుండు ఏళ్ల తరబడి రాసుకున్న గీత అక్కడ తరచుగా కనిపిస్తుంది. ఆ గీత ఇప్పటి గుండు ఎత్తుకు కుదరాలి.

ముళ్లు మారి ఉండటం, బరువులు మారి ఉండటం, తాడు మారడం సాధారణం. వాటి పేరుతో కొంత బేరం ఆడవచ్చు గానీ గడియారాన్నే వదులుకోనక్కరలేదు.

ఇప్పుడు పేరు చదవండి

లండన్ గడియారకారుల సంఘానికి 1631లో మొదటి చార్లెస్ రాజు సనదు ఇచ్చాడు. ఆ సంఘపు పద్దుల్లో పేర్లు దొరుకుతాయి కాబట్టి లండన్ పనివారి కాలాలు చాలావరకు తెలుసు. పెద్ద పేర్లు కొన్ని గుర్తుంచుకోదగ్గవి: ఎడ్వర్డ్ ఈస్ట్, జోసెఫ్ నిబ్, డేనియల్ క్వేర్, అందరికంటే పైన థామస్ టాంపియన్. బెడ్‌ఫోర్డ్‌షైర్‌లో 1639లో పుట్టిన టాంపియన్ 1676లో గ్రీనిచ్ వేధశాలకు ఏడాదికోసారి తాళం ఇచ్చే రెండు గడియారాలు చేసి ఇచ్చాడు. తాను చేసిన వాటికి వరుస సంఖ్యలు వేసే పద్ధతి పాటించాడు. 1713లో చనిపోయినప్పుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. 1751లో శిష్యుడు జార్జ్ గ్రాహంనూ అదే సమాధిలో ఉంచారు. టాంపియన్ పేరును ఆయన బతికుండగానే ఇతరులు దొంగగా వేసుకునేవారు. కాబట్టి హైదరాబాదు దుకాణంలో ఆ పేరు కనిపిస్తే సంతోషించడానికి ముందు అనుమానించడం మంచిది.

మనకు వాస్తవంగా దొరకగలవి ఇంగ్లండులోని చిన్న పట్టణాల పేర్లున్న గడియారాలు. అలాంటి పేర్లను తక్కువ చేయకండి. డార్బీకి చెందిన జాన్ వైట్‌హర్స్ట్ చిన్న పట్టణపు మనిషే, కానీ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అదే సమయంలో, 1780 తర్వాత డయల్ మీది పేరు అనేక సందర్భాల్లో అమ్మకందారుడిదేనని గుర్తుంచుకోవాలి: యంత్రపు భాగాలు ఒకచోట, డయల్ బర్మింగ్‌హాంలో, పెట్టె ఊరి వడ్రంగి దగ్గర. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ గడ్డపు మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం మీద కూడా కుక్ అండ్ కెల్వీ అనే వ్యాపార సంస్థ పేరే ఉంటుంది. ఆ మ్యూజియానికి మామూలు రోజుల్లో, మధ్యాహ్నం పన్నెండు గంటల జనసందోహం తగ్గాక వెళ్లి, మిగిలిన గడియారాలను నిదానంగా చూస్తే కంటికి మంచి సాధన అవుతుంది. శుక్రవారం సెలవు.

అమ్మేవారు తరచుగా చెప్పే మాట "ఇది నిజాం కొలువులోది సార్" అని. పాత దేవిడీల సామాను నగరంలో చేతులు మారిన మాట నిజమే గనుక ఇది అబద్ధమనీ అనలేం, నిజమనీ నమ్మలేం. రాతపూర్వకమైన ఆధారం లేనప్పుడు ఆ మాటకు ధరలో చోటు ఇవ్వకండి. జుమ్మేరాత్ బజారులో కొన్నా, జూబ్లీహిల్స్ షోరూములో కొన్నా రసీదు మీద గడియారం వివరం, అంచనా కాలం, మార్చిన భాగాలు రాయించుకోండి. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నిషిద్ధం. అమెరికాలో ఉన్న అబ్బాయికి తర్వాత పంపుదామన్న ఆలోచనతో కొనకండి.

ఇంట్లో నిలబెట్టడం

గడియారాన్ని తెచ్చేటప్పుడు బరువులు, లోలకం, హుడ్, యంత్రం నాలుగూ విడివిడిగా రావాలి. ఆటోట్రాలీలో మొత్తంగా పడుకోబెట్టి తెస్తే లోలకాన్ని వేలాడదీసే సన్నని ఉక్కు పట్టీ విరగడం దాదాపు ఖాయం. ఎడమ బరువు ఏది, కుడి బరువు ఏది అని తీసేముందే గుర్తు పెట్టండి.

గోడకు ఆనించి పెట్టబోతే మన ఇళ్లలో మొదట అడ్డొచ్చేది స్కర్టింగ్. దానివల్ల పీఠం గోడకు దూరంగా నిలుస్తుంది, పైభాగం వెనక్కి వాలుతుంది. ఆ ఖాళీకి సరిపడే టేకు పట్టీని వెనుక చెక్క పైభాగానికీ గోడకూ మధ్య ఉంచి, గోడలో ప్లగ్గు వేసి, వెనుక చెక్కను ఒక మరమేకుతో బిగించాలి. షాబాదు బండల నేల అయితే కింద ఎగుడుదిగుళ్లుంటాయి. నాలుగు మూలల్లో ఊగకుండా పలుచని చెక్క ముక్కలు పెట్టి, రసమట్టం యంత్రం కూర్చునే పలక మీద ఉంచి చూసుకోవాలి. నేల మీద కాదు.

గోడకు బిగించమని చెబితే చాలామంది సందేహిస్తారు. బిగించకపోతే జరిగేది ఇది: తాళం ఇచ్చిన నాలుగో రోజో ఐదో రోజో గడియారం కారణం లేకుండా ఆగిపోతుంది. మళ్లీ ఊపితే నడుస్తుంది, మరుసటి వారం అదే రోజుకు మళ్లీ ఆగుతుంది. బరువులు దిగుతూ లోలకం గుండు ఎత్తుకు వచ్చే సమయం అది. తాడు పొడవు లోలకం పొడవుతో సమానమవడం వల్ల, పెట్టె ఏమాత్రం కదిలినా ఆ కదలికతో బరువులు కూడా ఊగడం మొదలుపెట్టి, లోలకం శక్తిని లాగేసుకుంటాయి. యంత్రంలో ఏ లోపమూ ఉండదు. ఒక్క మరమేకుతో సరిపోయే పనికి యంత్రం విప్పించి డబ్బు పోసినవారున్నారు.

లోలకం వేలాడదీశాక చెవిపెట్టి వినండి. రెండు చప్పుళ్ల మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టుంటే గడియారం కొద్దిసేపటికి ఆగిపోతుంది. పెట్టెను వంచి చప్పుడు సరిచేయడం తప్పు. లోలకాన్ని నెట్టే వెనుక తీగను, చప్పుడు ఎటు త్వరగా వస్తున్నదో చూసుకుని, వెంట్రుకవాసి చొప్పున వంచి సరిచేయాలి.

ఆ తర్వాత సమయం. ఇంగ్లండులో సరిచేసి ఉన్న గడియారం ఇక్కడ రోజుకు సుమారు రెండు నిమిషాలు వెనకబడుతుంది, ఇది పాతబడటం వల్ల కాదు. భూమధ్యరేఖకు దగ్గరవుతున్నకొద్దీ, ఎత్తుకు వెళ్తున్నకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది; 17 డిగ్రీల అక్షాంశం మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో అది లండన్ కంటే దాదాపు వెయ్యికి మూడు వంతులు తక్కువ. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే పారిస్‌లో సరిచేసిన గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కాయెన్‌కు తీసుకెళ్లినప్పుడు రోజుకు రెండున్నర నిమిషాలు తగ్గడం గమనించినది ఈ కారణం వల్లే. మనకు మందు తేలిక: గుండు కింది మరను తిప్పి గుండును మూడు మిల్లీమీటర్లు పైకి జరపాలి. ఒక మిల్లీమీటరు మార్పు రోజుకు నలభై సెకన్లకు పైగా తేడా తెస్తుంది కాబట్టి, మరను కొద్దికొద్దిగా తిప్పి, ఒక్కో మార్పు తర్వాత పూర్తి రోజు ఆగి చూడాలి.

వేసవిలో మరికొంత వెనకబడటం కూడా సహజమే. ఉక్కు కడ్డీ లోలకం పది డిగ్రీల వేడి పెరిగితే రోజుకు ఐదు సెకన్లు, ఇత్తడి కడ్డీ అయితే ఎనిమిది సెకన్లు తగ్గుతుంది. గ్రాహం 1720లలో పాదరసపు లోలకంతో సాధించినది ఈ తేడాను చంపడమే. జనవరికీ మేకీ మధ్య వచ్చే పది సెకన్ల కోసం మనం మరను తడమనక్కరలేదు.

వారానికి ఒక రోజు నిర్ణయించుకుని తాళం ఇవ్వండి. బరువు పైకి వస్తున్నప్పుడు చివర నెమ్మదించి, పలకకు తగలకముందే ఆపండి. సమయం మార్చేటప్పుడు నిమిషాల ముల్లునే ముందుకు తిప్పుతూ, ప్రతి గంట దగ్గరా గంటలు పూర్తిగా కొట్టనివ్వాలి. తేదీ చూపే గడియారమయితే అర్ధరాత్రికి ఇటూ అటూ కొన్ని గంటలపాటు దాని చక్రం మరో చక్రంతో పట్టులో ఉంటుంది, ఆ వేళ తేదీని బలవంతంగా కదిలించకూడదు.

నూనె, ఇత్తడి, చెక్క

గడియారాల కోసమే అమ్మే నూనెను ఇరుసు కొనలు తిరిగే రంధ్రాల దగ్గర మాత్రమే, సూది మొనతో పెట్టినంత వేయాలి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె వద్దు. పళ్ల మీద నూనె అసలే వద్దు: మన రోడ్ల దుమ్ము ఫ్యాను గాలికి ఎగిరి ఆ నూనెలో చేరి, ఉక్కును తినేసే ముద్దగా మారుతుంది. ఎక్కువ అరిగేది ఇత్తడి చక్రం కాదు, ఆ దుమ్ము ఇంకిన ఇత్తడితో రాసుకునే చిన్న ఉక్కు పళ్లు.

ఇత్తడి డయల్‌కు అన్నింటికంటే పెద్ద ప్రమాదం పండగ ముందు రోజు వస్తుంది. అంకెల వలయం తెల్లగా కనిపించేది దాని మీద రుద్దిన అతి పలుచని వెండి పూత వల్ల. చింతపండుతోనో పీతాంబరితోనో ఒక్కసారి తోమితే పూత పోయి వలయం పసుపుగా బయటపడుతుంది, గీతల్లోని నల్లని మైనం కూడా రాలిపోతుంది. పొడి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపడం తప్ప డయల్‌కు ఇంట్లో చేయదగ్గ పని మరేదీ లేదు. ఇంట్లో పనిచేసేవారికి ఈ మాట ముందుగానే చెప్పి ఉంచండి.

వానాకాలంలో పీఠం కింద చెదపుట్ట లేచిందేమో నెలకోసారి చూసుకోవాలి. నేలకు తాకే చెక్కకు కింద పలుచని రబ్బరు ముక్కలుంటే తేమ పట్టదు. పెట్టెకు వార్నిష్ పూయించకండి, పాత లక్క పాలిష్ మీద కొద్దిగా మైనం చాలు. యంత్రాన్ని మరమ్మతుకు ఇచ్చేటప్పుడు పలకలను బఫింగ్ యంత్రం మీద మెరుగు పెట్టవద్దని, అరిగిన రంధ్రం చుట్టూ సుత్తి పోట్లు వేసి బిగించకుండా కొత్త బుష్, అంటే రంధ్రంలో దిగే చిన్న ఇత్తడి గొట్టం, వేయమని, తీసేసిన ప్రతి పాత భాగాన్నీ పొట్లం కట్టి తిరిగి ఇవ్వమని రసీదు మీదే రాయించుకోండి.